లేసు అల్లికయు, మన యింటి స్త్రీలును



ఈ సంవత్సరపు మహాసభ పెదవేగియందు జరుగుచున్నందున స్థలచరిత్రమునుగూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఉపాధ్యాయవృత్తినుండి విరమించి యీ గ్రామముననే నివసించుచున్న మాకు ఆ పని సుకరమైనదే. పెదవేగి ప్రాచీన వేంగీనగరము. శాలంకాయన రాజులకిది రాజధాని. సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనమున వేంగీపతియగు హస్తివర్మ పేరు కలదు. పిదప క్రీ.శ. 624 ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనునితో ఆరంభమైన తూర్పుచాళుక్యవంశమువారు వేంగీశ్వరులని వాసికెక్కిరి. ఇవన్నియు మన సంచికలలో పలుమాఱు ప్రకటితములైన సంగతులే. కావున వానిని మరల వ్రాయుటకు మాఱుగా, ఆ శాసనములను చదువునపుడెల్ల మాకు కలుగు ఒక సందేహముతో ఈ వ్యాసమును మొదలిడుచున్నాము.

తామ్రశాసనమున దాత పేరుండును, ప్రతిగ్రహీత పేరు, గోత్రము నుండును, గ్రామసీమలుండును. ఆ దాత కట్టిన వస్త్రమునకు నూలు వడికిన స్త్రీ పేరుమాత్ర ముండదు. వేయి సంవత్సరములనాటి రాజులు ఆమె పేరు వ్రాయింపలేదని వారిని తప్పుపట్టుట సులభము. మన కాలమున, మన యిండ్లలో, దేశాంతరములందు పేరుగాంచిన పనిచేసిన స్త్రీల పేర్లు మనము వ్రాసితిమా యని మా ప్రశ్న. ఆ పని గోదావరి లేసు అల్లిక. పెదవేగికిని లేసుకేంద్రమగు నరసాపురమునకును నడుమ కొల్లేటి దేశ మున్నను, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు వేఱుజిల్లా యగువఱకు ఈ రెండూళ్లును ఒక్క పశ్చిమగోదావరి జిల్లాలోనివే. నేడు సభకు వచ్చిన కుటుంబములలో సగము ఆ డెల్టా గ్రామములతో వియ్యమందినవే. కావున ఇది పరాయి చరిత్రము కాదు.

ముందుగా లేసు అనగా నేమో చెప్పవలెను. దారముతో రంధ్రములును పువ్వులును కలిసిన జాలము నిర్మించుట లేసు. దానిని నిర్మించు విధములు పెక్కు గలవు. దిండుమీద సూదులు గ్రుచ్చి, కదుళ్లకు చుట్టిన దారములను పెనవేసి చేయునది యొకటి. ముందే సిద్ధమైన సన్నని వలవస్త్రముపై, అనగా నెట్టుగుడ్డపై, చేతితో పూలు తీగలు కుట్టునది రెండవది. ఆధారవస్త్ర మేమియు లేక, ఒక్క కొక్కెపుసూదితో దారమును ముడికి ముడి గొలుసుగా అల్లునది మూడవది. దీనికే క్రోషే అని పేరు. నరసాపురపు లేసు ఈ మూడవజాతిది.

రెండవదానికిని మూడవదానికిని బంధుత్వము కలదు. 1809లో జాన్ హీత్‌కోటు అను ఆంగ్లేయుడు వలవస్త్రమును యంత్రముపై నేయు నేర్పునకు రాజపత్రమును పొందెను. తమ జీవనము పోవునని భయపడిన పనివారు 1816లో లఫ్‌బరోలోని అతని యంత్రములను బద్దలుకొట్టిరి. వల చౌకయైన పిమ్మట దానిని చట్రమున బిగించి, పైనుండి కొక్కెపుసూదిని దింపి, అడుగున పట్టిన దారమును పైకి లాగి గొలుసుకుట్టు కుట్టు పని యైరోపాలో వ్యాపించెను. ఐర్లండులోని లిమరిక్ పట్టణమున 1829లో ఇట్టి పనికి కర్మాగారమే వెలసెను. చట్రము మద్దెలవలె గుండ్రముగా నుండుటచే ఫ్రెంచివారు ఆ కుట్టునకు మద్దెల పేరే పెట్టిరి. ఈ కొక్కెపుకుట్టు తూర్పుదేశములనుండి వారికి చేరిన విద్య. మన దేశమున దానిని ఆరీపని యందురు. నేడు ఏలూరులోను తాడేపల్లిగూడెములోను పెండ్లిరవికలమీదను నెట్టు చీరలమీదను కుట్టుచున్న మగ్గముపని దాని సంతతియే. అడుగున వస్త్రమును తీసివేసి, ఆ గొలుసును గాలిలోనే అల్లుటవలన క్రోషే పుట్టినదని కొందఱి మతము. ఐర్లండులో 1845 తరువాత వచ్చిన ఘోరక్షామమున వేలకొలది కుటుంబములకు ఈ క్రోషే లేసే కూడు పెట్టినది.

క్షామమునకును లేసునకును ఉన్న సంబంధము మన గోదావరియందును కానవచ్చును. నరసాపురమునకు చేరువనున్న మాధవాయపాలెమున పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయుల వర్తకశాల యుండెను. పాలకొల్లున డచ్చివారిది యుండెను. మాధవాయపాలెపు నూలువస్త్రము సీమలో నెంత ప్రసిద్ధమైన దనగా, ఆ యూరిపేరే చెడి ‘మాడపొల్లం’ అని ఒకజాతి గుడ్డకు ఆంగ్లభాషలో పేరైనది. పందొమ్మిదవ శతాబ్దారంభమున యంత్రవస్త్రము వచ్చి ఆ వర్తకమును మ్రింగెను. వెనువెంటనే 1832, 33 సంవత్సరముల నందన కరవు, పిదప తుపానులు, పంటనష్టములు. రాజమహేంద్రవరము జిల్లా క్షీణించిన విధమును హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ప్రభుత్వమునకు నివేదించెను. ఆ నివేదికకు పిమ్మటనే కాటన్ దొర ఆనకట్ట సంకల్పము సాగి, 1847లో మొదలై 1852లో ముగిసెను.

అట్టి కాలమున, 1836లో, బౌడెన్, బీర్ అను ఇద్దఱు ఆంగ్ల మిషనరీలు సకుటుంబముగా ఈ ప్రాంతమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లులందు స్థిరపడిరి. 1844లో స్కాట్లండు దేశస్థులైన మెక్రే దంపతులు ఇచటి స్త్రీలకు లేసు నేర్పిరని ప్రతీతి. దారము సీమనుండి వచ్చెడిది. లేసు మిషనరీల బంధుమిత్రుల ద్వారమున సీమకు పోయెడిది. ఒకనాడు మన వస్త్రము పోయిన దారినే ఇప్పుడు మన స్త్రీల వ్రేళ్లపని పోసాగెను.

ఇచట ఒక సత్యమును మఱుగుపఱుపరాదు. ఈ విద్యను మొట్టమొదట నేర్చినవారు మన స్త్రీలు కారు. లోకము అస్పృశ్యులని దూరముంచగా క్రైస్తవమతమును స్వీకరించిన మాల, మాదిగ కుటుంబముల స్త్రీలు నేర్చిరి. వారినుండి మన కాపు కుటుంబములకును, ఇతర కులములకును ఈ పని వచ్చెను. ఎవరి చేతినీరు మన పెద్దలు త్రాగకపోయిరో వారి చేతివిద్యతో మన యిండ్లలో దీపము వెలిగినది. ఈ ఋణము మన కులచరిత్రమున వ్రాయబడవలెను.

మన యిండ్లలో లేసు నిలుచుటకు కారణము మఱియొకటి. కొంచెము భూమిగల కుటుంబములు తమ స్త్రీలు పొలమునకు పోకుండుటను గౌరవచిహ్నముగా నెంచుకొనిరి. ఘోషా పాటించుట పరువైనది. పరువు కడుపు నింపదు గదా! గడప దాటకయే నాలుగు కానులు తెచ్చు పని లేసు. ఇరువదవ శతాబ్దారంభమునకే గోదావరీమండలమున 2,000 మందికి మించిన స్త్రీలు ఈ పనియం దుండిరని ప్రభుత్వమువారి లెక్క. 1899 కరవును, 1929లో వచ్చిన ప్రపంచ ఆర్థికమాంద్యమును దాటి ఈ పని నిలిచినది.

పని సాగు తీరు చెప్పుదము. వర్తకుడు ఏజెంటునకు దారమిచ్చును. ఏజెంటు గ్రామమున ఇల్లిల్లు తిరిగి దానిని తూచి పంచును. ఒకతె పువ్వులు మాత్రమే అల్లును. దానిని చేతిపని యందురు. వేఱొకతె ఆ పువ్వులను కూర్చి బల్లగుడ్డగనో, పఱుపుమీది దుప్పటిగనో చేయును; అది అతుకుపని. పువ్వులల్లినామె తన పువ్వు చేరిన దుప్పటిని చూడదు. దాని వెల నెఱుగదు. దానిని కొన్న దేశమేదియో విననైన వినదు.

మా తల్లిగారు నరసాపుర ప్రాంతపు గ్రామమున చేతిపని చేసిరి. పగలు వంట, పాడి, పిల్లల పని. రాత్రి లాంతరు దగ్గఱ లేసు. ఆమె బయటికి పోరాదు గనుక, పది పండ్రెండేండ్ల వయసున మేమే పువ్వుల మూట పట్టుకొని ఏజెంటు ఇంటికి పోయెడివారము. ఆయన పువ్వులను లెక్కించును, తూచును, ఒకటి రెండు మాసినవని ప్రక్కకు త్రోయును. పిదప, ‘డబ్బు పండుగ వెళ్లిన తరువాత రా, అబ్బాయీ’ అనును. పండుగ వెళ్లినపిదప పోయిన, ‘పైనుండి రాలేదు’ అనును. మూడుసార్లు తిరుగక కూలి చేతికి వచ్చిన జ్ఞాపకము మాకు లేదు. మా బడిజీతమును, మేము చదివిన మొదటి శబ్దమంజరియు ఆ పువ్వుల సొమ్ముతో కొన్నవే.

తరువాత సంస్కృతము చదువుకొను కాలమున కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్ష ప్రకరణము మా కంటబడినది. ఈ గ్రంథము చిరకాలము మఱుగుపడియుండి, మైసూరున శామశాస్త్రిగారి కృషివలన 1909లో అచ్చుపడిన సంగతి పండితులెఱిగినదే. అందు ఇంటినుండి వెలువడని స్త్రీల ప్రసక్తి కలదు. వారికి కౌటిల్యుడు ‘అనిష్కాసిను’లని పేరు పెట్టెను. అట్టివారును, భర్త దేశాంతరగతుడైన వారును, వితంతువులును, అంగవైకల్యము గలవారును, తమ పోషణము తామే చేసికొనదలచిన కన్యలును ఉన్నచో, అధ్యక్షుడు తన దాసీలచేత వారికి పని పంపి ఆదరముతో చేయింపవలెనట. నూలు సన్ననిదా, ముదుకదా, నడిమిదా యని చూచి కూలి నిర్ణయింపవలెనట. ఎక్కువ చేసినవారికి తలకు నూనెయు, ఉసిరికయు, నలుగుపిండియు నిచ్చి మన్నింపవలెనట. తామే నూలుశాలకు వచ్చువారికి తెల్లవారుజామున సరకు తీసికొని అచటనే కూలి యీయవలెనట. అపుడుంచు దీపము నూలును పరీక్షించుటకు చాలునంతయే యుండవలెను.

దండనల విషయము మఱింత గమనింపదగినది. ఆ స్త్రీ ముఖమును పరికించి చూచిన అధికారికి, పనికి మించిన మాటలాడిన అధికారికి మొదటితరగతి జుల్మానా. కూలి యిచ్చు వేళ దాటించిన అధికారికి మధ్యమ జుల్మానా. అనగా ఘోషాస్త్రీ ముఖము చూచుటకంటె ఆమె కూలి ఆలస్యము చేయుటయే పెద్ద నేరమని కౌటిల్యుని నిర్ణయము. కూలి పుచ్చుకొని పని చేయనిదానికి బొటనవ్రేలు తొలగించు శిక్షయు ఆ గ్రంథముననే కలదు గనుక, కౌటిల్యుడు స్త్రీలపై జాలిచే ఇట్లు వ్రాసెనని మేమనము. ఆయన లెక్కలెఱిగినవాడు. ఇంట కూర్చుండి చేసినదైనను పని పనియే యని, దానికి వేళయు వెలయు గలవని ఆయన యెఱుగును.

ఆ వాక్యములను చదివిన దినమున ఏజెంటు ఇంటి అరుగు మాకు జ్ఞప్తికి వచ్చినది. మన పెద్దలు మొదటి నియమమును ప్రాణముకంటె మిన్నగా కాపాడిరి. స్త్రీ ముఖ మెవరును చూడరాదనిరి. రెండవ నియమమును మఱచిరి. ముఖమును దాచిన గోడయే పనిని కూడ దాచినది.

అట్లు దాగిన పనికి వెల యెంత? జర్మనీదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1977, 78 సంవత్సరములలో నరసాపుర ప్రాంతమున ఇల్లిల్లు తిరిగి విచారించి, 1982లో లేసు స్త్రీలనుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించిరి. ఎనిమిది గంటల లేసుపనికి స్త్రీకి వచ్చు కూలి సగటున 56 పైసలని ఆమె లెక్క. పొలముకూలికి ప్రభుత్వము నిర్ణయించిన కనీసవేతనములో అది మూడవవంతైన కాదు. లక్షకు మించిన స్త్రీలు ఈ పని చేయుచుండగా, జనాభా లెక్కలలో వారిలో మిక్కిలి పెక్కండ్రు పనిచేయని గృహిణులుగనే యుండిరి. ‘తీరికవేళ చేయు పని’ అను మాటయే కూలిని తగ్గించు సాధనమని ఆమె వాదము. తీరిక అన్నపుడు గంటలు లెక్కించువా రెవరు? 1970 తరువాత ఎగుమతులు పెరిగి లాభము కానవచ్చిన పిదప ఆ వర్తకమున ప్రవేశించినవారిలో, వ్యవసాయమున ధనము గడించిన మన కులపు పురుషులును పలువురు గలరని కూడ ఆమె వ్రాసిరి. ఆమె 2023లో పరమపదించిరి. పరదేశపు స్త్రీ వచ్చి మన యింటి స్త్రీల గంటలను లెక్కింపవలసి వచ్చుట మనకు కొంత సిగ్గుగనే యుండవలెను.

ఇతరులను ఆక్షేపించి మేము తప్పించుకొనజాలము. 1991 జనాభా లెక్కలకు ఉపాధ్యాయులమైన మేమును గణకులుగా నియమింపబడితిమి. ఒక యింటి యజమానిని, ‘ఇంట ఎవరెవరు పనిచేయుదురు?’ అని అడిగితిమి. ‘మా యింటి ఆడవారు పనికి పోరండీ, మాస్టారూ’ అని ఆయన సగర్వముగా పలికెను. ఆయన వెనుక ద్వారబంధము నానుకొని ఆయన భార్య కూర్చుండి యుండెను. ఆమె ఒడిలో లేసు, చేతిలో సూది. ఆ సూది ఆగలేదు. మేము చూచితిమి. చూచియు, పనిచేయనివారని వ్రాసితిమి. కుటుంబవ్యాపారమున కూలిలేక చేసిన పనికూడ లెక్కింపుడని ఆ యేడు మా కాగితములమీదనే అచ్చువేయబడియున్నది. అంతియే కాదు, బడి ప్రవేశపుస్తకములలో తల్లి వృత్తి యను చోట, లేసుసొమ్ముతో చదువవచ్చిన పిల్లలందఱి తల్లులకును మేము ‘గృహిణి’ యనియే వ్రాసితిమి. మా తల్లిగారు చేసినదేమో యెఱిగిన మేమే ఇట్లు వ్రాసిన, ఎఱుగనివారి మాట చెప్పనేల!

కాలము కొంత మాఱినది. ఇంటివద్ద పనిచేయువారును కార్మికులే యని 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ యొక నిబంధనను చేసినది. మన పార్లమెంటు 2008లో చేసిన అసంఘటిత కార్మికుల చట్టమున వారిని చేర్చినది. నరసాపుర సమీపమున రుస్తుంబాదయందు లేసు పార్కు ఏర్పడి, స్త్రీల సంఘములు అచట శిక్షణ పొంది పని చేయసాగినవి. మఱియొక ప్రక్క చీనాదేశపు యంత్రపు లేసు చౌకగా వచ్చి పోటీకి నిలిచినది. 2020లో వచ్చిన కొవిడు ఎగుమతులకు దెబ్బ కొట్టినది. 2024 మార్చిలో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇకమీద ఇతరప్రాంతపు సరకును ఈ పేరుతో అమ్ముట చట్టవిరుద్ధము. మన సభలో దీనికి హర్షము ప్రకటించుట యుక్తమే. ఊరిపేరునకు రక్షణ దొరకినది. పని చేసినవారి పేర్లకు దొరకవలసియున్నది. ఆ గుర్తింపుపత్రమున వారి పేర్లుండవు. అది వ్రాయుట ప్రభుత్వపు పని కాదు, మన పని.

కావున మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము.

మొదటిది: వచ్చు సంవత్సరపు సంచికలో, దాతల ఛాయాచిత్రములకు ముందుగా, లేసు అల్లిన మన స్త్రీల నామావళిని ప్రకటింపవలెను. గ్రామము, పేరు, ఎన్నియేండ్లు పనిచేసినది, చేతిపనియా, అతుకుపనియా, ఇంతమాత్రము చాలును. ఎనుబది దాటిన వృద్ధురాండ్రు మన గ్రామములలో ఇంకను గలరు. ఆలస్యమైన కొలది ఈ పట్టిక కుఱుచయగును. ఎవరివద్ద ఈ పని నేర్చితిరని వారిని అడిగి, ఆ గురువుల పేర్లు ఏ కులమువారివైనను అందు చేర్పవలెను.

రెండవది: సభ్యులలోను పోషకులలోను లేసువర్తకము చేయువారు గలరు. వారియందు మాకు గౌరవమే కాని ద్వేషము లేదు. వారి వర్తకము లేనిచో ఈ విద్య యెన్నడో నశించియుండును. సరకు పుచ్చుకొన్న దినముననే కూలి యిచ్చెదమని వారీ సభలో ఒక మాట యీయవలెను. ఇది క్రొత్త సంస్కరణము కాదు. కౌటిల్యుని నాటి మాటయే.

మూడవది: మన పిల్లల దరఖాస్తులలో తల్లి వృత్తి యను చోట ఆమె చేయు పనిని వ్రాయుడు. దీనికి డబ్బు ఖర్చు కాదు. అది వ్రాయని చేతులలో మాదియు నొకటి గనుకనే ఇంత గట్టిగా చెప్పుచున్నాము.

మా తల్లిగారి పేరు ఈ వ్యాసమున వ్రాయలేదు. ఒక్కరి పేరు కుమారుడు పండితుడగుటచే అచ్చుపడి, తక్కినవారివి మిగిలిపోవుట న్యాయము కాదు. నామావళి సిద్ధమైన దినమున, వరుసలో ఆమె గ్రామము వచ్చినచోట, ఆమె పేరును మేమే స్వహస్తముతో వ్రాసి యిచ్చెదము.

మహాసభ నిర్విఘ్నముగా జరుగుగాక. శుభమస్తు.